అలీ పక్కనా ఆయనే, ట్రంప్ ఎదుటా ఆయనే: జిమ్ బ్రౌన్ అనే చిక్కుముడి

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తికమక మొదలవుతుంది. మొదటిది 1967 జూన్ 4న క్లీవ్‌లాండ్‌లో తీసింది. బల్ల వెనక నలుగురు కూర్చున్నారు: బాస్కెట్‌బాల్ దిగ్గజం బిల్ రస్సెల్, బాక్సర్ మహమ్మద్ అలీ, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్ బ్రౌన్, ఇరవయ్యేళ్ల కాలేజీ కుర్రాడు లూ ఆల్సిండర్. తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయింది ఈ కుర్రాడే. వాళ్ల వెనక ఇంకో ఎనిమిది మంది నిలబడ్డారు. వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు అలీని సగం దేశం తిట్టిపోస్తున్న రోజులవి. రెండో ఫొటో 2018 అక్టోబరు 11 నాటిది, వైట్‌హౌస్‌లో తీసింది. ఎర్రటోపీ పెట్టుకున్న ర్యాపర్ కాన్యే వెస్ట్ ట్రంప్ బల్లకు ఇవతల కూర్చుని ఆపకుండా మాట్లాడుతున్నాడు. పక్క కుర్చీలో 82 ఏళ్ల జిమ్ బ్రౌన్.

2023 మే 18న బ్రౌన్ లాస్ ఏంజెలెస్‌లో 87 ఏళ్ల వయసులో చనిపోయినప్పుడు వచ్చిన సంతాపాలూ ఇలాగే పొంతన లేకుండా ఉన్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అంతటివాడు పుట్టలేదని కొందరు, నల్లజాతి ఆత్మగౌరవానికి నిలువెత్తు రూపమని కొందరు రాశారు. ఆడవాళ్లను కొట్టిన మనిషికి ఈ నివాళులేంటని ఇంకొందరు నిలదీశారు. ఆటగాడు, నటుడు, ఉద్యమకారుడు అని మూడు ముక్కల్లో పరిచయం చేసి వదిలేస్తే ఈ గొడవ అర్థం కాదు. నా లెక్కలో ఆయన జీవితంలో ఎక్కువ భాగాన్ని ఒకే దారం కుడుతుంది. ఆ దారానికి అందని భాగం కూడా ఒకటుంది. దాన్ని విడిగానే చూడాలి.

ఇంతకీ ఏ ఫుట్‌బాల్?

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. హైదరాబాద్ వాళ్లకైతే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానం దాకా నడిపించిన కోచ్ రహీం సాబ్ గుర్తొస్తారు. ఆ ఒలింపిక్స్ మొదలవడానికి కొద్దిరోజుల ముందే, 1956 నవంబరు 17న, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్ యూనివర్సిటీ తరఫున ఆడుతూ బ్రౌన్ ఒక్కడే కోల్‌గేట్ జట్టు మీద 43 పాయింట్లు కొట్టాడు. పేరొక్కటే గానీ రెండు ఆటలకూ పోలిక లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్నవాడికి విసరాలి. మైదానం పొడవు 100 గజాలు. గజమంటే మూడడుగులు. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు జరగకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతి పట్టుకుని మనుషుల గోడలోకి దూసుకెళ్లేవాడిని రన్నింగ్ బ్యాక్ అంటారు. కూతకు వెళ్లినవాడి మీద కబడ్డీ జట్టంతా ఒకేసారి పడితే ఎలా ఉంటుందో, అతనికి ప్రతి పరుగూ అలా ఉంటుంది. బ్రౌన్ పని ఇదే. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, వంద కిలోలు దాటిన ఒళ్లు, దానికి తోడు స్ప్రింటర్ వేగం.

ఇప్పుడు అంకెలు. 1957 నుంచి 1965 దాకా తొమ్మిది సీజన్లలో బ్రౌన్ 12,312 గజాలు పరిగెత్తాడు. అది సుమారు 11 కిలోమీటర్లు, మీద మనుషులు పడుతుండగా. ఈ రికార్డును 1984లో వాల్టర్ పేటన్ దాటాడు. ఇప్పుడు ఎమిట్ స్మిత్ పేరిట 18,355 గజాలున్నాయి. అంటే బ్రౌన్ వెనకబడ్డట్టేనా? మ్యాచ్‌ల లెక్క తీస్తే కథ మారిపోతుంది. బ్రౌన్ మొదటి నాలుగేళ్లు సీజన్‌కు 12 మ్యాచ్‌లే, తర్వాతి అయిదేళ్లు 14. మొత్తం 118. ఒక్కటి కూడా మానలేదు. 12,312ను 118తో భాగిస్తే మ్యాచ్‌కు 104.3 గజాలు. స్మిత్ 226 మ్యాచ్‌లు ఆడాడు, సగటు 81. కెరీర్ మొత్తం మీద మ్యాచ్‌కు వంద గజాలు దాటినవాడు బ్రౌన్ ఒక్కడే. అతనికి బాగా దగ్గరగా వచ్చిన బారీ శాండర్స్ కూడా 99.8 దగ్గరే ఆగిపోయాడు.

అంకెల్లో కనిపించని అలవాటు ఒకటుంది. ఎంత గట్టిగా పడేసినా, అసలు దెబ్బే తగలకపోయినా, బ్రౌన్ ఒకేలా లేచేవాడు: తాపీగా, కాళ్లీడ్చుకుంటూ, ఇక ఈ మనిషి పనైపోయింది అనిపించేలా. నడుచుకుంటూ వెళ్లి తనవాళ్లలో కలిసేవాడు. తర్వాతి బంతికి మళ్లీ అదే ఊపు. నిజంగా దెబ్బ తగిలిన రోజేదో, తగలని రోజేదో అవతలివాళ్లకు తెలిసేది కాదు. తన బలహీనత ఎదుటివాడికి తెలియనివ్వకపోవడం అతనికి ఆటలోనే అబ్బిన విద్య. మైదానం బయట కూడా దాన్ని వదల్లేదు.

సెయింట్ సైమన్స్ నుంచి క్లీవ్‌లాండ్‌కు

1936 ఫిబ్రవరి 17న జార్జియా తీరంలోని సెయింట్ సైమన్స్ దీవిలో పుట్టాడు. బాక్సరైన తండ్రి ఇంట్లో నిలవలేదు. తల్లి బతుకుతెరువు కోసం న్యూయార్క్ దగ్గరి లాంగ్ ఐలాండ్‌లో ఇళ్లల్లో పనికి వెళ్తే, పిల్లాడిని తాతమ్మ పెంచింది. ఎనిమిదేళ్లప్పుడు తల్లి దగ్గరికి, మాన్‌హాసెట్‌కు చేరాడు. అక్కడి హైస్కూల్లో అయిదు ఆటలు ఆడాడు.

సిరక్యూజ్‌లో చేరినప్పుడు అతనికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ లేదు. ఊళ్లోని ఒక లాయరు నలుగురి దగ్గరా చందాలు పోగుచేసి మొదటి ఏడాది ఖర్చు భరించాడు. ఆ సంగతి బ్రౌన్‌కు అప్పట్లో తెలియదు కూడా. మొదట్లో కోచ్‌లు పట్టించుకోలేదు. చదువు ముగిసేసరికి ఫుట్‌బాల్‌లోనే కాదు, వల కట్టిన కర్రతో ఆడే లక్రాస్‌లోనూ దేశంలోని మేటి ఆటగాళ్లలో ఒకడు. లక్రాస్‌లో అతన్ని మించినవాడు లేడనే పాతకాలపు అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. 1957లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ తీసుకుంది (జట్టు పేరు కోచ్ పాల్ బ్రౌన్‌ను బట్టి వచ్చింది, ఇతన్ని బట్టి కాదు). తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు లీగ్‌లో పరుగుల వీరుడు అతనే. 1964 డిసెంబరు 27న బాల్టిమోర్‌ను 27-0తో ఓడించి జట్టు ఛాంపియన్ అయింది. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మళ్లీ ఇప్పటిదాకా ఆ కప్పు ఎత్తలేదు.

1966: జరిమానా అన్నారు, ఆటే మానేశాడు

ఇక్కడి నుంచే అసలు కథ. 1966 వేసవిలో బ్రౌన్ ఇంగ్లండ్‌లో ‘ది డర్టీ డజన్’ షూటింగ్‌లో ఉన్నాడు. మరణశిక్షో జైలో పడ్డ పన్నెండు మంది సైనికులను ఒక ప్రమాదకరమైన పనికి పంపే కథ. వానల వల్ల షూటింగ్ వెనకబడింది, జులైలో క్లబ్బు శిక్షణ శిబిరం మొదలైపోతోంది. యజమాని ఆర్ట్ మోడెల్ చిరాకుపడి, రాని రోజులకు జరిమానా వేస్తానని ప్రకటించాడు. బ్రౌన్ అక్కడి నుంచే జవాబిచ్చాడు: ఇక ఆడను. అప్పటికి వయసు 30. అంతకు ముందు సీజన్‌లో లీగ్ ఉత్తమ ఆటగాడు అతనే.

ఈ నిర్ణయం బరువు తెలియాలంటే ఆనాటి కాంట్రాక్టుల పద్ధతి తెలియాలి. అప్పట్లో ఆటగాడు ఒక క్లబ్బుకు కట్టుబడి ఉండేవాడు. ఒప్పందం ముగిసినా నచ్చిన చోటికి వెళ్లడం దాదాపు అసాధ్యం. ఎందుకంటే అతన్ని తీసుకునే క్లబ్బు పాత క్లబ్బుకు పరిహారం ఇచ్చుకోవాలి. ఆటగాళ్లకు ఈ విషయంలో నిజమైన స్వేచ్ఛ 1993లో గానీ రాలేదు. అంటే 1966లో మామూలు ఆటగాడి ముందు రెండే దారులు: చెప్పినట్టు ఆడటం, లేదా ఇంట్లో కూర్చోవడం. యజమానికీ ఆ సంగతి తెలుసు, అందుకే జరిమానా బెదిరింపు పనిచేసేది. బ్రౌన్‌కు మూడో తలుపు ఉంది. సినిమా జీతం చేతిలో ఉన్నవాడిని జరిమానాతో బెదిరించలేరు. రాజీనామాను చాలామంది పొగరు అన్నారు. పొగరు ఉండే ఉంటుంది, కానీ అతను చేసిన లెక్క తప్పు కాదు.

ఆ సినిమాలో అతని చివరి ఘట్టం చూస్తే నవ్వొస్తుంది, మెచ్చుకోబుద్ధీ అవుతుంది. నేలమాళిగకు గాలి వెళ్లే గొట్టాల్లో ఒక్కొక్కటిగా గ్రెనేడ్లు పడేస్తూ పరిగెత్తాలి, చివర్లో తూటా తగిలి పడిపోవాలి. దర్శకుడికి కావలసిందల్లా ఆ పరుగే. ఫుట్‌బాల్ ప్రేక్షకులకు అలవాటైన పరుగునే సినిమా అమ్ముకుంది.

నటుడిగా అతను గొప్పవాడేం కాదు. మొహంలో ఒకటి రెండు భావాలకు మించి పలకవు. అయినా ఆ సినిమాలకు చరిత్రలో చోటుంది. తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు మధ్య పెళ్లిని నిషేధించే రాష్ట్ర చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది 1967 జూన్ 12న. రెండేళ్లు తిరక్కుండానే, 1969లో వచ్చిన ‘100 రైఫిల్స్’లో బ్రౌన్, రాక్వెల్ వెల్చ్‌ల మధ్య ప్రేమ సన్నివేశం తెర మీదికొచ్చింది. హాలీవుడ్ పెద్ద సినిమాల్లో అలాంటివి అప్పటికి చాలా అరుదు. నల్లజాతి నటుడు దణ్ణాలు పెట్టే నౌకరుగానో, తెల్లవాళ్లు మెచ్చే బుద్ధిమంతుడిగానో కాకుండా కండలు తిరిగిన యాక్షన్ హీరోగా కనిపించడమే కొత్త.

పచ్చనోటు ముందు, ఊరేగింపు తర్వాత

నేను చెప్పిన దారం ఇదే. హక్కులకు పునాది ఆస్తి, సొంత వ్యాపారం అని బ్రౌన్ నమ్మాడు. ఊరేగింపులు, పాటలు, సత్యాగ్రహాలంటే అతనికి పెద్ద గురి లేదు. 1960ల మధ్యలో నీగ్రో ఇండస్ట్రియల్ అండ్ ఎకనామిక్ యూనియన్ అనే సంస్థ పెట్టాడు. తర్వాత అది బ్లాక్ ఎకనామిక్ యూనియన్ అయింది. పేరున్న ఆటగాళ్ల పలుకుబడినీ, బిజినెస్ చదివిన కుర్రాళ్ల తెలివినీ కలిపి, నల్లవాళ్లు పెట్టుకునే చిన్న వ్యాపారాలకు అప్పు, సలహా ఇప్పించడం దాని పని. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బు సాయం చేసింది. కాన్సస్ సిటీలో దాని శాఖ దశాబ్దాల పాటు నిలిచింది.

ఈ ఆలోచన గాల్లోంచి రాలేదు. 1930ల నుంచే ప్రభుత్వ సంస్థలు గీసిన గృహరుణాల పటాల్లో నల్లవాళ్లుండే పేటలకు ఎర్రరంగు వేసేవారు. అక్కడ అప్పు ఇస్తే రిస్కు అని దాని అర్థం. ఉదాహరణకు అలాంటి పేటలో ఒక కార్మికుడు వారానికి 100 డాలర్లు తెచ్చాడనుకోండి. అద్దె బయటి యజమానికి, సరుకుల డబ్బు బయటి కొట్టుకు, మిగిలింది బయటి బ్యాంకుకు. ఆ బ్యాంకు ఆ డబ్బును వేరే పేటలో అప్పుగా ఇస్తుంది గానీ ఇతనికి ఇవ్వదు. వారం తిరిగేసరికి 100 డాలర్లూ పేట దాటిపోతాయి. కొట్టు, ఇల్లు, బ్యాంకుల్లో ఒక్కటైనా తమవాళ్ల చేతిలో ఉంటే కొంత డబ్బు అక్కడే ఇంకో చేతికి మారుతుంది. బ్రౌన్ వాదన ఇంతే.

విమర్శకుల జవాబు కూడా బలమైనదే. ఆ ఎర్రగీతలు గీసింది ప్రభుత్వం. వాటిని చెరిపించాలంటే చట్టం మారాలి, పది కొట్లు పెట్టినంత మాత్రాన మారదు. 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కుల చట్టం బ్రౌన్ చిన్నచూపు చూసిన ఊరేగింపుల వల్లే వచ్చాయి. పైగా వ్యాపారం పెట్టగలిగేవాడు బాగుపడితే, పెట్టలేనివాడి మాటేంటి? అలీ ఫొటోలో వెనక నిలబడ్డ వాళ్లలో కార్ల్ స్టోక్స్ ఒకడు. అయిదు నెలల తర్వాత, 1967 నవంబరులో, అతను క్లీవ్‌లాండ్ మేయరయ్యాడు. పెద్ద అమెరికన్ నగరానికి ఎన్నికైన మొదటి నల్లజాతి మేయర్. అది ఓటు తెచ్చిన గెలుపు. బ్రౌన్ మాత్రం ఎప్పుడూ ఎన్నికల బరిలోకి దిగలేదు. సినిమా తర్వాత మెట్టు రాజకీయమే అనుకునే మనకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

క్లీవ్‌లాండ్ గదిలో ఏం జరిగింది?

ఇప్పుడు మొదటి ఫొటోకు వెళ్దాం. 1967 ఏప్రిల్ 28న హూస్టన్‌లో అలీ సైన్యంలో చేరనన్నాడు. టైటిల్ పోయింది. జైలు తప్పేట్టు లేదు. జూన్ 4న యూక్లిడ్ అవెన్యూలోని తన సంస్థ ఆఫీసుకు బ్రౌన్ తోటి ఆటగాళ్లను పిలిచాడు. తలుపులు మూసుకుని కొన్ని గంటలు మాట్లాడుకున్నారు.

అలీకి మద్దతు చెప్పడానికే అందరూ వచ్చారని ఇప్పుడు చాలామంది అనుకుంటారు. నిజానికి వచ్చినవాళ్లలో సైన్యంలో పనిచేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లు అలీని గట్టిగానే నిలదీశారు. రాజీకి దారి కూడా ఉంది: తుపాకి పట్టకుండా సైనికుల ముందు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడితే చాలు. ఇంకో కోణం డబ్బుది. అలీ మ్యాచ్‌లను థియేటర్లలో ప్రత్యక్షంగా చూపించే హక్కుల కోసం 1966లో పెట్టిన మెయిన్ బౌట్ కంపెనీలో బ్రౌన్ భాగస్వామి. అలీ మళ్లీ రింగులోకి దిగితే అందరికీ లాభమే. అలీని ఒప్పించమని బ్రౌన్‌ను అడిగింది తనేనని ప్రమోటర్ బాబ్ ఆరమ్ తర్వాతి కాలంలో చెప్పాడు. కాదు, అలీ నమ్మకం నిజమైనదో కాదో తేల్చుకోవడానికే కూర్చున్నామని ఆటగాళ్లు చెప్పారు.

రెండూ నిజం కావచ్చు, ఒకదాన్నొకటి కొట్టేయవు. తేలింది మాత్రం ఒకటే: అలీ మెత్తబడలేదు. తమకు రావలసిన డబ్బు పోతుందని తెలిసీ బ్రౌన్ బయటికొచ్చి విలేకరుల ముందు అతని పక్కన కూర్చున్నాడు. జూన్ 20న అలీకి అయిదేళ్ల జైలు, 10,000 డాలర్ల జరిమానా పడ్డాయి. అప్పీలు వల్ల జైలుకు వెళ్లలేదు. 1971 జూన్ 28న సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

నిక్సన్ నుంచి ట్రంప్ దాకా

అలీ పక్కన నిలబడ్డ ఏడాదికే బ్రౌన్ 1968 ఎన్నికల్లో నిక్సన్‌కు మద్దతిచ్చాడు. ఇది చాలామందికి వింతగా తోచవచ్చు. దారం పట్టుకుని చూస్తే ఆశ్చర్యం లేదు: నల్లజాతి పెట్టుబడిదారీ అనే మాటను ఆ ప్రచారంలో వినిపించింది నిక్సనే. బ్రౌన్ చెవికి అందింది ఆ ఒక్క మాట.

2016 డిసెంబరులో ట్రంప్‌ను కలిసినప్పుడూ అంతే. తన అమెర్-ఐ-కెన్ సంస్థ (దాని గురించి కింద చెబుతాను) పనికి ప్రభుత్వం సాయం అడగడానికే వెళ్లాడు. జాతీయగీతం వేళ మోకాలి మీద కూర్చున్న ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ తరహా నిరసనను 2018లో తప్పుపట్టి, తనైతే జెండా ముందు నిలబడతానన్నాడు. ఇది 1967 నాటి మనిషికి ద్రోహమని ఒక వర్గం అంటుంది. నాకు మాత్రం ఇది యాభై ఏళ్లుగా మారని మనిషి మొండితనంలా కనిపిస్తుంది. నిరసనకు విలువ తక్కువ, బేరానికి విలువ ఎక్కువ అన్నది అతని పాత లెక్కే. చుట్టూ ఉన్న కాలం మారింది. బేరానికి వెళ్లిన ప్రతిసారీ ఏం తెచ్చాడని అడిగితే మాత్రం జాబితా చిన్నదే.

గ్యాంగులు కూర్చున్న సోఫా

1988లో బ్రౌన్ అమెర్-ఐ-కెన్ అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. అమెరికన్ అనే మాటను విరగ్గొట్టి, ‘నేను చేయగలను’ అన్న అర్థం వచ్చేలా పెట్టిన పేరు. గ్యాంగుల్లో తిరిగే కుర్రాళ్లకు, జైళ్లలోని వాళ్లకు పాఠాలు చెప్పడం దాని పని. లక్ష్యం పెట్టుకోవడం, సమస్యను విప్పుకోవడం, కోపాన్ని అదుపు చేసుకోవడం, కుటుంబ సంబంధాలు, డబ్బు జాగ్రత్త, ఉద్యోగం వెతుక్కోవడం, నిలబెట్టుకోవడం. చెప్పేవాళ్లలో చాలామంది ఒకప్పుడు జైలుకెళ్లి వచ్చినవాళ్లే.

లాస్ ఏంజెలెస్‌లో క్రిప్స్, బ్లడ్స్ గ్యాంగులు ఒకరినొకరు చంపుకుంటున్న కాలంలో, కొండ మీది బ్రౌన్ ఇంట్లో రెండు వైపుల వాళ్లూ ఒకే హాల్లో కూర్చునేవారు. 1992లో వాట్స్ పేటలో కుదిరిన కాల్పుల విరమణ ఘనతంతా అతనిదే అనడం అతిశయోక్తి. దాన్ని ప్రాణాలకు తెగించి కుదుర్చుకుంది ఆ పేటల కుర్రాళ్లే. ఎవరి పేటా కాని చోటు ఒకటి వాళ్లకు కావాలి, అది ఈ ఇల్లయింది.

కోర్టు రికార్డు ఏం చెబుతుంది?

ఈ భాగానికి దారం అందదు. మూడు మాటల తేడా ముందే తెలిసి ఉంటే గందరగోళం తగ్గుతుంది. ఆరోపణ అంటే ఫలానావాడు తప్పు చేశాడన్న ఫిర్యాదు, ఇంకా తేలనిది. కేసు వీగిపోవడమంటే సాక్ష్యం చాలకపోవడమో, బాధితులు ముందుకు రాకపోవడమో. రుజువు కావడమంటే కోర్టు దోషి అని తేల్చడం.

1965లో ఒక యువతిని కొట్టాడన్న కేసులో జ్యూరీ నిర్దోషి అంది. 1968లో అతని ఇంటి బాల్కనీ కింద ఒక యువతి గాయాలతో దొరికింది. ఆమె అతని మీద సాక్ష్యం చెప్పలేదు, కేసు పోయింది. అప్పుడు పోలీసు అధికారి మీద చేయిచేసుకున్నందుకు మాత్రం జరిమానా పడింది. 1978లో గోల్ఫ్ ఆడుతున్న తోటి మనిషిని కొట్టినందుకు ఒక రోజు జైలు, 500 డాలర్ల జరిమానా. 1985లో అత్యాచార ఆరోపణ వచ్చింది, దాన్ని కోర్టు కొట్టేసింది. అతని పక్షం వాళ్లు ఈ జాబితా చూపించి ఆడవాళ్ల కేసుల్లో ఏదీ రుజువు కాలేదంటారు. అవతలివాళ్లు, ఇంత పేరున్న మనిషి మీద సాక్ష్యం చెప్పడం ఒంటరి ఆడదానికి ఎంత కష్టమో, అదీ ఆ రోజుల్లో, ఆలోచించమంటారు. 1989లో వచ్చిన ఆత్మకథలో బ్రౌనే ఆడవాళ్లను చెంపదెబ్బ కొట్టిన సందర్భాలున్నాయని, అది తప్పని రాసుకున్నాడు. కాబట్టి ఏమీ జరగలేదనడానికి వీల్లేదు.

1999లో భార్యతో గొడవపడి పారతో ఆమె కారు అద్దాలు పగలగొట్టాడు. బెదిరించాడన్న అభియోగంలో జ్యూరీ నిర్దోషి అంది, ఆస్తి ధ్వంసంలో దోషి అంది. భార్య అతని తరఫునే మాట్లాడింది. జడ్జి జైలు వేయలేదు: పర్యవేక్షణ, జరిమానా, సమాజ సేవ, ఏడాది పాటు గృహహింసపై కౌన్సెలింగ్. అన్నీ ఒప్పుకుంటే ఇంటికి వెళ్లొచ్చు.

శిక్ష అన్యాయమన్నాడు, కౌన్సెలింగ్‌కు వెళ్లనన్నాడు. దాంతో ఆరు నెలల జైలు పడింది. 2002లో, 66 ఏళ్ల వయసులో, కాలిఫోర్నియాలోని వెంచురా కౌంటీ జైల్లో దాదాపు నాలుగు నెలలు ఉన్నాడు. అప్పటికి పద్నాలుగేళ్లుగా అతని మనుషులు జైళ్లలో పాఠాలు చెబుతూనే ఉన్నారు. అందులో ఒక పాఠం కోపాన్ని అదుపు చేసుకోవడం గురించి, ఇంకొకటి కుటుంబ సంబంధాల గురించి.